గురుశనుల యుతి: 2040లో ఏ తేదీ నమ్మాలి? అప్పటిదాకా ఆకాశంలో ఏం చూడొచ్చు?

వేకువచుక్క అడిగారు:

నమస్తే అండీ. 2020 డిసెంబర్ 21న గురుడు, శని అంత దగ్గరగా వచ్చినప్పుడు మా మీద మబ్బు కదల్లేదు. ఆ వారమంతా వేరేవాళ్లు తీసిన ఫొటోలు చూసుకోవడమే సరిపోయింది. ఇప్పుడు మా అమ్మాయి బడిలో సౌరకుటుంబం పాఠం చెబుతున్నారు. "మళ్లీ ఎప్పుడమ్మా అలా వస్తాయి?" అని అడిగింది. వెతికితే ఒక చోట 2040 అక్టోబర్ 31 అని ఉంది, ఇంకో చోట నవంబర్ 5 అని ఉంది. దేశాల టైములు వేరు కాబట్టి ఒక రోజు అటూఇటూ అయిందంటే అర్థం చేసుకుంటాను. ఐదు రోజుల తేడా ఎలా వస్తుంది? వీటిలో ఏది తప్పు?

ఇంకో రెండు సందేహాలు. అవి నిజంగా దగ్గరపడవని, మన చూపుకే అలా ఉంటుందని నాకు తెలుసు. కానీ ఎంత దూరమో అమ్మాయికి అంకెల్లో చెప్పాలి. రెండోది, అది చూడాలంటే 2040 దాకా ఆగాల్సిందేనా? టెలిస్కోప్ లేదు, మామూలు బైనాక్యులర్ ఉంది. ఈలోపు చూపించగలిగినవి ఏమన్నా ఉంటే చెప్పండి.

నింగిచూపు:

రెండు తేదీలూ సరైనవే అండీ. కొలిచే పద్ధతులు వేరు.

2040లో ఆ రెండూ పక్కనుంచి రాసుకుంటూ పోవు. ఒకదానికి పైన ఇంకొకటి, మధ్యలో ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ ఎడంతో దాటతాయి. ఇప్పుడు "సరిగ్గా పైన" అంటే ఎటు? అక్కడే వస్తుంది తేడా. ఒక లెక్కలో ఆ దిక్కు ధ్రువనక్షత్రం వైపు పోతుంది. అది విషువాంశం ప్రకారం కట్టే లెక్క, టెలిస్కోపులతో పనిచేసేవాళ్లు ఎక్కువగా వాడేది. ఇంకో లెక్కలో సూర్యుడు నడిచే దారికి, అంటే క్రాంతివృత్తానికి, నిలువుగా పోతుంది. అది రేఖాంశం లెక్క, పంచాంగాల్లో ఉండేది ఇదే. ఆకాశంలో కొన్ని చోట్ల ఈ రెండు దిక్కులూ ఒకటే అవుతాయి, కొన్ని చోట్ల వాటి మధ్య వాలు 23 డిగ్రీల దాకా పోతుంది. 2040 యుతి (రెండు గ్రహాలు ఇలా కలిసినట్టు కనిపించడం) జరిగే కన్యారాశిలో వాలు దాదాపు పూర్తిగా ఉంటుంది. పైన ఉన్నదానికీ కింద ఉన్నదానికీ డిగ్రీకి పైగా ఎడం ఉంది కాబట్టి, ఆ వాలు వల్ల రెండు లెక్కలకీ మధ్య సుమారు అర డిగ్రీ పక్కకి జరుగుతుంది. గురుడు శనిని దాటుకుంటూ పోయే వేగం రోజుకి డిగ్రీలో పదో వంతే. ఆ అర డిగ్రీ దాటడానికే ఐదు రోజులు: రేఖాంశం ప్రకారం అక్టోబర్ 31, విషువాంశం ప్రకారం నవంబర్ 5.

2020లో ఈ గొడవ ఎందుకు రాలేదంటే అప్పుడు ఎడమే డిగ్రీలో పదో వంతు. అంత చిన్న ఎడానికి వాలు ఎంత ఉన్నా జరిగేది కొంచెమే, రెండు లెక్కలకీ కొన్ని గంటల తేడా వచ్చింది, అంతే. 2000లో మళ్లీ ఎడం డిగ్రీ దాటింది కాబట్టి అప్పుడూ తేడా వచ్చింది: రేఖాంశం ప్రకారం మే 28, విషువాంశం ప్రకారం మే 31.

కంటికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది అక్టోబర్ 31 ప్రాంతంలో. కానీ నన్నడిగితే మీ అమ్మాయికి నవంబర్ మొదటి వారం రాసిపెట్టుకోమని చెప్పండి. అక్టోబర్ 31న ఆ జంట సూర్యుడికి 20 డిగ్రీల దూరంలోనే ఉంటుంది. తెల్లవారే ముందు తూర్పున బాగా కింద, పైన వెలుగు తరుముకొస్తూ. రోజులు గడిచేకొద్దీ అవి సూర్యుడి నుంచి దూరమై పైకొస్తాయి. నవంబర్ 5కి ఎడం పెరిగేది డిగ్రీలో పదో వంతు, కంటికి ఆ తేడా తెలియదు. ఆకాశం మాత్రం అంతకన్నా బాగుంటుంది. నవంబర్ 4 అమావాస్య కాబట్టి అంతకు ముందు రెండు తెల్లవారుజాముల్లో సన్నని నెలవంక కూడా అదే వైపున దొరుకుతుంది.

దూరం సంగతి. 2020 డిసెంబర్ 21న గురుడు మనకి సుమారు 88 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, శని 162 కోట్ల కిలోమీటర్ల దూరంలో. వాటి మధ్యే 70 కోట్ల కిలోమీటర్లకి పైన. సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్నది 15 కోట్లు. పిల్లలకి కిలోమీటర్ల కన్నా వెలుగుతో చెబితే పట్టుకుంటారు: ఆ సాయంత్రం పక్కపక్కన కనిపించిన రెండు చుక్కల్లో ఒకదాని వెలుగు 49 నిమిషాల క్రితం బయల్దేరింది, ఇంకొకదానిది గంటన్నర క్రితం.

ఇక మీ మూడో ప్రశ్న. దాని గురించి నేను కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే అందరూ చేసేది ఒకటి నాకు బాధగా ఉంటుంది. వార్తల్లో ఒక తేదీ వస్తుంది. ఆ ఒక్క సాయంత్రం బయటికొస్తారు, రెండు చుక్కలు చూస్తారు, ఫొటో తీసుకుంటారు, లోపలికి పోతారు. మబ్బుంటే మొత్తం పోయినట్టే అనుకుంటారు. యుతిలో చూడాల్సింది ఆ రెండు చుక్కల దగ్గరతనం కాదండీ, వాటి మధ్య ఎడం రోజురోజుకీ మారడం. గ్రహాలు కదులుతాయని పుస్తకంలో చదవడం వేరు. నిన్న బొటనవేలంత ఉన్న ఎడం ఇవాళ చిటికెన వేలంత అయిందని మీ చేత్తో మీరు కొలిచి చూడటం వేరు.

కొలత సులువు. చెయ్యి పూర్తిగా చాచి చిటికెన వేలు అడ్డం పెడితే దాని వెడల్పు దాదాపు ఒక డిగ్రీ. పిడికిలి పెడితే పది డిగ్రీలు. పెద్దవాళ్ల చేతికీ పిల్లల చేతికీ ఇది ఇంచుమించు ఒకటే వస్తుంది, చెయ్యి చిన్నదైతే వేలూ సన్నదే కదా. నిండుచంద్రుడు అర డిగ్రీ, అంటే చిటికెన వేలిలో సగం. ఇది మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు, చంద్రుడు అంత చిన్నగా ఉంటాడని.

ఏ జంట అయితే బాగుంటుందంటే శుక్రుడు, గురుడు. ఆకాశంలో చంద్రుడి తర్వాత అన్నిటికన్నా వెలిగేవి అవే, ఊరి దీపాల మధ్య నుంచి కూడా కనిపిస్తాయి. దాదాపు ఏడాదికోసారి కలుస్తాయి, కొన్నిసార్లు సూర్యుడికి మరీ దగ్గరై పనికిరావు. 2016 ఆగస్టు 27న డిగ్రీలో పదిహేనో వంతు ఎడంతో దాటాయి, 2023 మార్చి 1న అర డిగ్రీ, 2025 ఆగస్టు 12న డిగ్రీకి కొంచెం తక్కువ. శుక్రుడు రోజుకి డిగ్రీకి పైగా నడుస్తాడు. కాబట్టి యుతికి వారం ముందు మొదలుపెడితే రోజుకో చిటికెన వేలు చొప్పున ఎడం తగ్గుతూ వస్తుంది. మధ్యలో రెండు రోజులు మబ్బు పట్టినా నష్టం లేదు, కొలతలు ఒక కాగితం మీద గీస్తే పోయిన రోజులు ఆ గీతే చెబుతుంది.

లెక్కలపంతులు:

నింగిచూపు గారు చెప్పినదానికి చిన్న లెక్క జోడిస్తాను, అమ్మాయి చేత చేయించవచ్చు. గురుడు సూర్యుడి చుట్టూ తిరగడానికి 11.86 ఏళ్లు, అంటే ఏడాదికి 30.35 డిగ్రీలు. శనికి 29.46 ఏళ్లు, ఏడాదికి 12.22 డిగ్రీలు. గురుడు ఏడాదికో రాశి, శని రెండున్నరేళ్లకో రాశి అని పెద్దవాళ్లు చెప్పే మాట ఇదే. తేడా ఏడాదికి 18.13 డిగ్రీలు. 360ని దానితో భాగిస్తే 19.86. అందుకే ఇరవై ఏళ్లకోసారి.

ఆ 19.86 ఏళ్లలో శని సుమారు 243 డిగ్రీలు జరుగుతాడు, చక్రంలో మూడింట రెండు వంతులు. అందుకని వరసగా వచ్చే యుతులు ఆకాశంలో త్రిభుజం గీస్తాయి. 2000లో మేషం, 2020లో మకరం, 2040లో కన్య. కాగితం మీద పన్నెండు రాశుల చక్రం వేసి ఈ మూడూ కలిపి చూడండి. 360కి మూడింట రెండు అంటే 240 రావాలి, మనకి వచ్చింది 243. ఆ మూడు డిగ్రీల వల్ల త్రిభుజం ఎప్పుడూ మూసుకోదు, మెల్లగా తిరుగుతూ పోతుంది. గ్రహాల కదలికల సూత్రాలు చెప్పిన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఈ బొమ్మ గీశాడు.

ఈ 19.86 సూర్యుడి మీద నుంచి చూస్తే వచ్చే సగటు. మనం కదిలే భూమి మీద ఉన్నాం కాబట్టి వక్రగతి వల్ల, అంటే గ్రహాలు కొన్నాళ్లు వెనక్కి నడిచినట్టు కనిపించడం వల్ల, ఒక్కోసారి ఒకే యుతి మూడుసార్లు జరుగుతుంది. 1940–41లో, 1980–81లో అలా అయింది. మళ్లీ అలాంటిది 2238–39లోనే.

వేకువచుక్క:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. త్రిభుజం వేయించాను, 2060 ఎక్కడొస్తుందో తనే లెక్క కట్టి వృషభం అంది. సరేనా?

ఇంకో మాట అడగాలి. గ్రహాలన్నీ ఒక వైపు చేరితే భూకంపాలొస్తాయని, సముద్రం పొంగుతుందని మెసేజ్‌లు తిరుగుతుంటాయి. మా ఇంట్లో పెద్దవాళ్లు నిజంగానే భయపడతారు. వాళ్లకి గట్టిగా చెప్పడానికి ఏదైనా ఉందా?

అలాగే 2020 యుతి ఎనిమిది వందల ఏళ్లకోసారి అన్నారు, నాలుగు వందల ఏళ్లకోసారి అని కూడా అన్నారు. అదెలా?

నింగిచూపు:

వృషభం సరే! 2060 ఏప్రిల్‌లో వస్తుంది.

పెద్దవాళ్ల భయానికి సమాధానం చంద్రుడు. సముద్రానికి ఆటుపోట్లు తెచ్చేది చంద్రుడు, ఆ తర్వాత సూర్యుడు. గ్రహాల్లో మనకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది శుక్రుడు. అంత దగ్గరగా వచ్చిన రోజున కూడా ఆటుపోట్ల మీద ఆయన లాగుడు చంద్రుడి లాగుడులో పది వేలో వంతు ఉండదు. గురుడు ఎంత పెద్దవాడైనా అంత దూరాన ఉండి లాగేది శుక్రుడికన్నా తక్కువ. దూరం రెట్టింపైతే ఈ లాగుడు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, అదీ అసలు కారణం. అన్నీ ఒకే వైపు చేరి కలిసి లాగినా ఒక మామూలు పౌర్ణమికీ అష్టమికీ మధ్య ఉండే తేడా ముందు లెక్కలోకి రాదు. ఇంట్లో పెద్దవాళ్లలో కొందరికి 1962 ఫిబ్రవరి గుర్తుండవచ్చు. అప్పుడు సూర్యుడు, చంద్రుడు, కంటికి కనిపించే ఐదు గ్రహాలూ కలిపి 16 డిగ్రీల మేరలో చేరాయి, అదే సమయంలో సంపూర్ణ సూర్యగ్రహణం కూడా. భూమి ఎప్పటిలాగే తిరిగింది. వాళ్లని గదమాయించకండి, గుర్తుచేయండి చాలు.

ఎనిమిది వందలు, నాలుగు వందల సంగతి. 2020 అంత దగ్గరగా, ఇంకా కొంచెం ఎక్కువే దగ్గరగా, 1623 జులై 16న వచ్చాయి. కానీ అప్పుడవి సూర్యుడికి 13 డిగ్రీల దూరంలో ఉన్నాయి, ఇంచుమించు మూఢంలో ఉన్నట్టే. సంధ్యవెలుగులో ఎవరైనా చూశారా అన్నది అనుమానమే. హాయిగా కంటికి కనిపించేటట్టు అంత దగ్గరగా వచ్చింది అంతకు ముందు 1226 మార్చి 4న. అందుకే రెండు అంకెలూ. మళ్లీ అంత దగ్గరగా రావడం 2080 మార్చి 15న. మీ అమ్మాయి చూస్తుంది.

ఈలోపు చంద్రుణ్ని వదలకండి. చంద్రుడు తన దారిలో అప్పుడప్పుడు నక్షత్రాలని కప్పేస్తాడు. పెద్ద చుక్కల్లో రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ, ఈ నాలుగూ ఆ దారిలో ఉన్నాయి. కృత్తికల గుంపు కూడా. చంద్రుడి దారి 18.6 ఏళ్లకోసారి ఊగుతుంది కాబట్టి ఒక్కో నక్షత్రానికి కొన్నేళ్లు నెలనెలా వంతు వస్తుంది, తర్వాత చాలా ఏళ్లు రాదు.

శుక్లపక్షంలో, చవితి నుంచి అష్టమి లోపు జరిగేది ఎంచుకోండి. అప్పుడు చంద్రుడి చీకటి అంచు ముందు నడుస్తుంది. బైనాక్యులర్‌ని గోడకో, కుర్చీ వీపుకో ఆనించి నక్షత్రం మీద పెట్టండి. చంద్రుడు గంటకి తన వెడల్పంత, అంటే అర డిగ్రీ, తూర్పుకి జరుగుతాడు. పావుగంట చూస్తే ఆ కదలిక కంటికి తెలుస్తుంది. వెలిగే నెలవంక ఒక పక్కన, నక్షత్రం ఇంకో పక్కన, మధ్యలో ఏమీ లేనట్టే ఉంటుంది. ఆ ఏమీ లేనిచోట చంద్రుడి చీకటి భాగం ఉంది. నెలవంక సన్నగా ఉన్న రోజైతే భూమి మీద పడి తిరిగొచ్చే వెలుగులో అది బూడిదరంగు పలకలా లీలగా కనిపిస్తుంది. నక్షత్రం దాని అంచుకి వస్తుంది, వస్తుంది, మసకబారదు, తగ్గదు. ఉన్నట్టుండి ఉండదు. రెప్ప వేస్తే పోయినట్టే. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి నెమ్మదిగా ఆరడం లేదు, నక్షత్రం మనకి సూదిమొనకన్నా సన్నని చుక్క కాబట్టి ముక్కలుముక్కలుగా మూతపడటమూ లేదు. అదే గురుడినో శనినో కప్పితే తీరు వేరు. వాటికి బింబం ఉంది, పూర్తిగా మూతపడటానికి ఒకటి రెండు నిమిషాల దాకా పడుతుంది. జ్యేష్ఠది ఇంకో రకం: దాని పక్కనే చిన్న తోడు నక్షత్రం ఉంది, జ్యేష్ఠ ఉబ్బిన పెద్ద నక్షత్రం కూడా, అందుకే అది ఒక్క దెబ్బకి పోదు, మెట్లుగా పోతుంది.

చంద్రుడి అంచు నక్షత్రాన్ని ఒరుసుకుంటూ పోయే సన్నని పట్టీలో మీరుంటే ఇంకా బాగుంటుంది. చంద్రుడి అంచు మీది కొండల వెనక్కి పోయి, లోయల్లోంచి తొంగిచూసి, మళ్లీ పోయి, నక్షత్రం నాలుగైదుసార్లు ఆరివెలుగుతుంది. లక్షల కిలోమీటర్ల అవతలి కొండల ఎత్తుపల్లాలు మీ కంటి ముందు వరసగా వెళ్తున్నాయన్నమాట.

దీన్ని వినోదంగానే కాదు, పెద్ద పనికీ వాడారు. 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌తో 3సీ 273 అనే రేడియో మూలాన్ని చంద్రుడు ఎప్పుడు కప్పాడో కొలిచారు. చంద్రుడి అంచు ఏ క్షణాన ఎక్కడుంటుందో ముందే తెలుసు కాబట్టి ఆ మూలం ఆకాశంలో సరిగ్గా ఎక్కడుందో తేలింది. అక్కడ మామూలు నక్షత్రంలా కనిపించిన చుక్కే మనం మొదట దూరం కనుక్కున్న క్వేజార్, అంటే చాలా దూరాన ఉండి విపరీతంగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పేముందు, కప్పిన తర్వాత ఆ నక్షత్రం కొన్నిసార్లు ఆరివెలిగింది. యురేనస్‌కి వలయాలున్నాయని అలా బయటపడింది.

లెక్కలపంతులు:

రోజూ చూడాలన్న మాటకి గెలీలియో సంగతి చెప్పాలి. 1612 డిసెంబర్ 28న ఆయన గురుడి ఉపగ్రహాలు చూస్తూ పక్కనున్న ఒక చుక్కని నక్షత్రమని గీసుకున్నాడు. 1613 జనవరి 28న మళ్లీ గీసి, పక్క నక్షత్రంతో దాని ఎడం మునుపటి రాత్రికన్నా మారినట్టుందని రాసుకున్నాడు. ఆ చుక్క నెప్ట్యూన్. ఆ తర్వాత ఆయన దాన్ని వెంబడించలేదు. నెప్ట్యూన్‌ని గ్రహంగా గుర్తించింది 1846లో. గురుడు దాని పక్కగా వెళ్లిన ఆ నెలలో వరసగా ఇంకొన్ని రాత్రులు చూసి ఉంటే రెండు వందల ముప్పై ఏళ్లు ముందే దొరికేది.

వేకువచుక్క:

చంద్రుడు కప్పే రోజులు ఎక్కడ చూసుకోవాలండీ? మాకు కనిపిస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

నింగిచూపు:

ఫోన్లో ఉండే ఆకాశపటం యాప్‌లు, స్టెలేరియం లాంటివి, చాలు. కానీ మీరున్న చోటు అందులో సరిగ్గా పెట్టుకోవాలి, ఇది ముఖ్యం. గ్రహాల యుతి అందరికీ ఒకటే, ఎక్కడి నుంచి చూసినా ఎడం మారదు. చంద్రుడు అలా కాదు, మనకి మరీ దగ్గర. భూమికి ఈ చివర నుంచి ఆ చివరకి పోతే చంద్రుడు ఆకాశంలో రెండు డిగ్రీల దాకా జరిగి కనిపిస్తాడు, నాలుగు చంద్రబింబాలంత. అందుకే ఒక దేశంలో నక్షత్రాన్ని కప్పేస్తాడు, ఇంకో దేశంలో పక్కనుంచి పోతాడు. వేరే చోటి వాళ్లు రాసిన టైము పట్టుకుని బయటికి రావద్దు. చెప్పిన టైముకి పది నిమిషాల ముందే కన్ను పెట్టి ఉంచండి.

ఒక జాగ్రత్త. శుక్రుడు, బుధుడు సూర్యుడి పక్కనే తిరుగుతారు కాబట్టి వాటిని వెతికేటప్పుడు సూర్యుడు పూర్తిగా అస్తమించాకే బైనాక్యులర్ ఎత్తాలి. తెల్లవారుజామున అయితే ఉదయానికి ముందే దించేయాలి. అమ్మాయి చేతిలో ఉన్నప్పుడు మీరు పక్కనే ఉండండి. బైనాక్యులర్‌లోంచి సూర్యుడు ఒక్క క్షణం కంట్లో పడినా చూపు పోతుంది.

రాసిపెట్టుకోవడానికి ఇంకో రెండు. 2040 సెప్టెంబర్ 8న, అంటే మీరడిగిన యుతికి రెండు నెలల ముందే, కంటికి కనిపించే ఐదు గ్రహాలూ సాయంత్రం పడమట పది డిగ్రీల లోపు, చాచిన పిడికిలంత చోటులో, నెలవంకతో కలిసి చేరతాయి. 2044 అక్టోబర్ 1న శుక్రుడు మఖ నక్షత్రాన్ని కప్పుతాడు, అది అంతకు ముందు జరిగింది 1959 జులై 7న. శుక్రుడు గురుడినే కప్పేది 2065 నవంబర్ 22న. 1818 తర్వాత ఒక గ్రహం ఇంకో గ్రహాన్ని కప్పడం అదే మొదటిసారి, కానీ అది సూర్యుడికి మరీ దగ్గర్లో జరుగుతుంది.

మీ బైనాక్యులర్ మీద 7×50 అనో 10×50 అనో రాసి ఉంటే ఒక చూపులో ఆరేడు డిగ్రీలు పడుతుంది, ఏ యుతికైనా సరిపోతుంది. కదలకుండా పట్టుకుంటే గురుడి పక్కన నాలుగు ఉపగ్రహాలూ చుక్కల్లా దొరుకుతాయి. శని వలయం మాత్రం విడిగా తెలియదు, కొంచెం సాగిన గింజలా ఉంటుంది. ముందు ఈ నెల చంద్రుడితో మొదలుపెట్టండి. విదియ నాడు చంద్రుడికి దగ్గర్లో ఏ చుక్క ఉందో చూసి ఎడం వేళ్లతో కొలిచి రాయమనండి, తదియ నాడు అదే చుక్కకి మళ్లీ కొలవమనండి. పిడికిలికి పైగా, పదమూడు డిగ్రీల తేడా రావాలి. వచ్చిన అంకె ఇక్కడ పెట్టండి, చూద్దాం.